మళ్ళీ నడిపితే ఏమవుతుంది? డేటా పైప్‌లైన్లను నడిపించే పని గురించి

2012 జూన్‌లో బ్రిటన్‌లోని రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ గ్రూపు ఖాతాదారులు పెద్ద ఇబ్బందిలో పడ్డారు. ఏటీఎంలలో ఖాతా నిల్వ తప్పుగా కనిపించింది. ఆన్‌లైన్ బ్యాంకింగ్ పనిచేయలేదు. ఇంటి రుణాల వాయిదాలు వేళకు చెల్లలేదు. కొన్ని సంస్థలు ఉద్యోగులకు జీతాలు వేయలేకపోయాయి. విదేశాలకు వెళ్ళిన కొందరు చేతిలో నగదు లేక చిక్కుకుపోయారు. గ్రూపులోని నాట్‌వెస్ట్, అల్‌స్టర్ బ్యాంకుల ఖాతాదారులతో కలిపి ఒక్క బ్రిటన్‌లోనే 65 లక్షల మందికి పైగా ఇబ్బంది పడ్డారు.

ఎవరో చొరబడి చేసిన పని కాదది. బ్యాంకుల్లో పగలు జరిగిన లావాదేవీలను రాత్రి వరసగా ఖాతాల్లోకి ఎక్కిస్తారు. ఆ పనులన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటి నడిపించే బ్యాచ్ షెడ్యూలర్ సాఫ్ట్‌వేర్‌ను ఆ వారం అప్‌గ్రేడ్ చేశారు. తేడా కనిపించగానే కొత్తదాన్ని తీసేసి పాత వెర్షన్‌కు వెళ్ళారు. అలా వెళితే ఏమవుతుందో ముందు పరీక్షించలేదు. కొత్తదానికీ పాతదానికీ పొసగలేదు. లెక్కలు వేసే ప్రోగ్రాములు బాగానే ఉన్నాయి, వాటిని ఏ వరసలో నడపాలో చూసే ప్రోగ్రాము దెబ్బతింది. ఒక రాత్రి పని పూర్తికాకపోతే మరుసటి రాత్రి పని మొదలుపెట్టడానికి లేదు. పేరుకుపోయిన పని తీరడానికి రోజులు పట్టింది, అల్‌స్టర్ బ్యాంకులో జులై దాకా సాగింది. 2014 నవంబరులో బ్రిటన్‌లోని రెండు నియంత్రణ సంస్థలు కలిపి ఆ గ్రూపుకు 5.6 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి.

పనుల వరసను చూసుకునే ఈ ఏర్పాటును ఇవాళ్టి డేటా ఇంజినీర్లు ఆర్కెస్ట్రేషన్ (ఏ పని ఎప్పుడు, దేని తర్వాత నడవాలో, ఆగితే ఏం చేయాలో నిర్ణయించే వ్యవస్థ) అంటారు. బ్యాంకుల్లో ఒకప్పుడు మెయిన్‌ఫ్రేములనే పెద్ద కంప్యూటర్లకే పరిమితమైన ఈ పని ఇప్పుడు ఆసుపత్రులు, బీమా సంస్థలు, యాప్ కంపెనీలు, ప్రభుత్వ శాఖలన్నిటిలోనూ ఉంది. కృత్రిమ మేధ మోడళ్ళకు అందించే డేటా కూడా ఈ దారిలోనే వస్తుంది కాబట్టి గత కొన్నేళ్ళలో దీని మీద బరువు మరీ పెరిగింది. హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల్లో వేలమంది తెలుగు ఇంజినీర్లకు ఇది రోజువారీ ఉద్యోగం. బయటివాళ్ళకు మాత్రం అర్థమయ్యేలా చెప్పినవాళ్ళు తక్కువ.

ఒక ఉదాహరణతో మొదలుపెడదాం. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో కిరాణా సరుకులు ఇంటికి చేర్చే సంస్థ ఒకటి ఉందనుకుందాం. పగలంతా ఆర్డర్లు ఒక డేటాబేస్‌లో చేరుతుంటాయి. రాత్రికి వాటిని డేటా వేర్‌హౌస్‌లోకి (విశ్లేషణ కోసం విడిగా పెట్టుకున్న నిల్వ) కాపీ చేయాలి. చెల్లింపుల సంస్థ పంపే ఫైలు తెచ్చుకోవాలి. రెంటినీ పోల్చి, డబ్బు నిజంగా అందిన ఆర్డర్లేవో తేల్చాలి. రద్దయినవి తీసేయాలి. ఊరివారీగా, సరుకువారీగా అమ్మకాలు కూడాలి. ఆ మొత్తాలను బట్టి రేపు ఏ గోడౌన్‌కు ఎన్ని బస్తాల బియ్యం పంపాలో అంచనా కట్టాలి. పొద్దున్న 6 కల్లా మేనేజర్ల ముందు రిపోర్టు ఉండాలి. ఒకదాని ఫలితం మరొకదానికి ముడిసరుకు అవుతూ సాగే ఈ పనుల వరసే డేటా పైప్‌లైన్.

గడియారంతో నడిపితే

దీన్ని నడపడానికి అందరూ మొదట చేసే ఏర్పాటు క్రాన్. ఇది 1970ల నుంచి యూనిక్స్ వ్యవస్థల్లో ఉన్న చిన్న ప్రోగ్రాము. నిమిషం, గంట, తేదీ, నెల, వారంలోని రోజు అని ఐదు గళ్ళు నింపితే ఆ వేళకు పని మొదలుపెడుతుంది. మన సంస్థ ఇలా పెట్టుకుంటుంది: ఆర్డర్ల కాపీ రాత్రి 1 గంటకు, చెల్లింపుల ఫైలు 1:30కి, పోల్చడం 2:30కి, మొత్తాలు 3:30కి, అంచనా 4:30కి.

ఇది కొన్ని నెలలు చక్కగా నడుస్తుంది. తర్వాత పండగ సీజన్ వస్తుంది. ఆర్డర్లు మూడింతలవుతాయి. 1 గంటకు మొదలైన కాపీ 2:30కి కూడా ముగియదు. క్రాన్‌కు ఆ సంగతి తెలియదు, దానికి తెలిసింది గడియారం ఒక్కటే. 2:30 కాగానే పోల్చే పని మొదలవుతుంది, సగం ఆర్డర్లతోనే ముగుస్తుంది. ఆ సగాన్నే మొత్తాల పని కూడుతుంది. దాన్ని బట్టి అంచనా తయారవుతుంది. ఏ పనీ ఫెయిల్ కాలేదు. ఎవరికీ అలర్ట్ రాలేదు. పొద్దున్న రిపోర్టు వేళకే వచ్చింది, అందులో అంకెలు మాత్రం తప్పు. బియ్యం తక్కువగా పంపారు.

దీనికి ఇంజినీర్లు సాధారణంగా చేసే మొదటి మరమ్మతు పనుల మధ్య ఎడం పెంచడం. 2:30ని 3:30 చేస్తారు. సీజన్ పోయాక ఆ గంట ఊరికే వృథా అవుతుంది, ఇంకో సీజన్‌కు అదీ చాలదు. తప్పు ఎడంలో లేదు. "కాపీ ముగిశాక పోల్చు" అన్న ఆధారాన్ని "2:30కి పోల్చు" అని రాయడమే తప్పు.

ఆధారాలను నేరుగా రాయాలన్న ఆలోచన పాతదే. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన మేక్ అనే ప్రోగ్రాము ఫైళ్ళ మధ్య ఆధారాలను చూసి, మారినవాటికి సంబంధించిన పనినే మళ్ళీ చేసేది. రోజూ పెరిగే డేటాకు అదే సూత్రాన్ని పెద్ద ఎత్తున వర్తింపజేసినవి చాలా తర్వాత వచ్చాయి. హడూప్ (పెద్ద డేటాను అనేక యంత్రాలకు పంచి నడిపే వ్యవస్థ) కాలంలో యాహూ నుంచి ఊజీ, లింక్డ్‌ఇన్ నుంచి అజ్‌కబాన్ వచ్చాయి. 2012లో స్పాటిఫై తన లుయీజీని అందరికీ విడుదల చేసింది. 2014 అక్టోబరులో ఎయిర్‌బీఎన్‌బీలో మాక్సిమ్ బోషెమాన్ ఎయిర్‌ఫ్లో మొదలుపెట్టాడు. అంతకుముందు ఫేస్‌బుక్‌లో చూసిన డేటాస్వార్మ్ అనే అంతర్గత వ్యవస్థ దానికి ప్రేరణ. 2015లో దాన్ని ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుగా బయట ప్రకటించారు, 2019 జనవరిలో అపాచీ అనే ఓపెన్ సోర్స్ సంస్థలో అది పూర్తిస్థాయి ప్రాజెక్టయింది. ఇవాళ ఈ రంగంలో ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు ఎక్కువగా ఎదుర్కొనేది దాన్నే. అందుకే ఈ వ్యాసంలో ఉదాహరణలు దాని నుంచే తీసుకుంటున్నాను.

ఎయిర్‌ఫ్లోలో పైప్‌లైన్‌ను పైథాన్ కోడ్‌గా రాస్తారు. ఆ కోడ్ వర్ణించేది ఒక డ్యాగ్‌ను (పనులను చుక్కలుగా, ఆధారాలను బాణాలుగా గీసిన పటం, బాణాల వెంట ఎంత దూరం వెళ్ళినా బయలుదేరిన చుక్కకు తిరిగి రాకూడదు). ఆ చివరి షరతు ఎందుకంటే, మొదటి పని రెండోదాని కోసం, రెండోది మొదటిదాని కోసం ఎదురుచూస్తే ఏదీ మొదలు కాదు. ఒక్కో చుక్కను టాస్క్ అంటారు.

లోపల ముఖ్యంగా మూడు భాగాలుంటాయి. షెడ్యూలర్ ఏ టాస్కుకు ఆధారాలన్నీ తీరాయో చూస్తూ ఉంటుంది. తీరినవాటిని వర్కర్లు (టాస్కులను నిజంగా నడిపే యంత్రాలు) తీసుకుంటాయి. ఏ రోజు ఏ టాస్క్ ఎన్నోసారి నడిచింది, గెలిచిందా ఓడిందా అన్న రికార్డు ఒక డేటాబేస్‌లో ఉంటుంది. నా దృష్టిలో ఈ మూడో భాగమే అసలైన ముందడుగు. క్రాన్ పని మొదలుపెట్టి మరిచిపోతుంది. ఇక్కడ జ్ఞాపకం ఉంది. "జూన్ 11 నాటి మూడో టాస్క్ ఒక్కటే ఆగింది, మిగతావి అయ్యాయి" అని చెప్పగలిగే వ్యవస్థ ఉంటే, ఆ ఒక్కదాన్ని మళ్ళీ నడపమని అడగగలం.

కాని అడగగలగడం వేరు, అడిగితే సరైన ఫలితం రావడం వేరు. ఆర్కెస్ట్రేటర్ ఒక టాస్కును మళ్ళీ మొదలుపెట్టగలదు. మళ్ళీ నడిపితే తప్పు రాకుండా రాసే బాధ్యత మాత్రం ఇంజినీరుదే. కొత్త టూల్ తెచ్చి కూడా పాత తిప్పలే పడే బృందాల్లో చాలావాటికి అసలు చిక్కు ఇక్కడే ఉంటుంది.

రెండోసారి నడిచిన టాస్క్

మన కిరాణా సంస్థకే వద్దాం. జూన్ 11 అమ్మకాలను వేర్‌హౌస్ పట్టికలో చేర్చే టాస్క్ ఉంది. ఆ రోజుకు 40,000 వరసలు చేరాలి. 25,000 చేరాక నెట్‌వర్క్ తెగింది. టాస్క్ ఫెయిలయింది. ఆర్కెస్ట్రేటర్ దానికి చెప్పినట్టే ఐదు నిమిషాల తర్వాత మళ్ళీ నడిపింది. ఈసారి 40,000 వరసలూ చేరాయి. తెర మీద టాస్క్ పచ్చగా మారింది (పచ్చ అంటే గెలిచినట్టు, ఎరుపు అంటే ఆగినట్టు). పట్టికలో ఇప్పుడు 65,000 వరసలున్నాయి. అమ్మకాలు అరవై శాతానికి పైగా పెరిగినట్టు రిపోర్టు చెబుతుంది. గోడౌన్లకు అవసరం లేని సరుకు బయలుదేరుతుంది.

ఇక్కడ కావలసిన గుణాన్ని ఐడెంపొటెన్సీ (ఒక పనిని ఎన్నిసార్లు చేసినా ఒక్కసారి చేసిన ఫలితమే మిగలడం) అంటారు. బోషెమాన్ 2018లో రాసిన ఒక వ్యాసంలో డేటా పనులన్నిటినీ గణితంలోని ఫంక్షన్లలా రాయాలని వాదించాడు. అవే అంకెలు లోపలికి వెళితే అవే అంకెలు బయటికి రావాలి, పక్కన ఇంకేదీ మారకూడదు. నేను ఈ రంగంలో చదివినవాటిలో కొత్తవాళ్ళకు మొదట చెప్పదగ్గది ఇదే అనిపిస్తుంది.

దీన్ని సాధించడానికి మూడు మెట్లున్నాయి. మొదటిది పట్టికలది, అది సూటిగానే ఉంటుంది. పట్టికను తేదీలవారీగా పార్టిషన్లుగా (విడివిడి అరలుగా) పెట్టుకోవాలి. జూన్ 11 టాస్క్ నడిచినప్పుడల్లా ఆ రోజు అరను మొత్తం తీసేసి కొత్తగా నింపాలి. చేర్చడం ఉండకూడదు. తీసేయడం, నింపడం రెండూ ఒకే లావాదేవీగా జరగాలి, లేకపోతే తీసేశాక నింపేలోపు చదివినవాళ్ళకు ఖాళీ అర కనిపిస్తుంది. ఇందుకు చాలామంది తాత్కాలిక పట్టికలో ముందు అంతా రాసి, సరిచూసుకుని, ఒక్క దెబ్బలో పాతదాని చోట పెడతారు.

రెండో మెట్టు తేదీది. టాస్క్ కోడ్‌లో "ఇవాళ", "ఇప్పుడు" అన్న మాట ఉండకూడదు. జూన్ 11 పని జూన్ 12 రాత్రి ఆగి, దాన్ని జూన్ 15న మళ్ళీ నడిపితే, "నిన్నటి ఆర్డర్లు తెచ్చుకో" అని రాసిన కోడ్ జూన్ 14 ఆర్డర్లు తెస్తుంది. ఏ రోజు పని చేస్తున్నామో ఆర్కెస్ట్రేటరే టాస్కుకు అందించాలి, టాస్క్ గడియారం చూడకూడదు.

మూడో మెట్టు కష్టమైనది, చాలా బృందాలు దాన్ని దాటేస్తాయి. ఆర్డర్ల డేటాబేస్ నిలకడగా ఉండదు. జూన్ 11న ఇచ్చిన ఆర్డర్ జూన్ 13న రద్దు కావచ్చు, చిరునామా మారవచ్చు. జూన్ 12న చదివితే వచ్చే జూన్ 11 లెక్క వేరు, జూన్ 15న చదివితే వచ్చేది వేరు. అంటే మన కోడ్ ఎంత జాగ్రత్తగా రాసినా, మూలంలోనే అంకె మారిపోతే ఫలితం మారుతుంది. దీనికి మందు, మూలం నుంచి తెచ్చినదాన్ని ముట్టుకోకుండా తేదీతో సహా దాచిపెట్టడం. తర్వాతి టాస్కులన్నీ ఆ దాచిన ప్రతినే చదవాలి. నిల్వ ఖర్చు పెరుగుతుంది, నిజమే. కాని మూడు నెలల తర్వాత ఆడిటర్ వచ్చి ఈ అంకె ఎలా వచ్చిందని అడిగితే, ఆ ప్రతి లేకుండా జవాబు చెప్పలేం.

బయటి ప్రపంచాన్ని తాకే టాస్కులు ఇంకో రకం. ఖాతాదారులకు ఎస్‌ఎంఎస్ పంపే టాస్కును మళ్ళీ నడిపితే రెండో ఎస్‌ఎంఎస్ వెళుతుంది, దాన్ని వెనక్కి తీసుకోలేం. డబ్బు వాపసు చేసే టాస్క్ అయితే రెండుసార్లు వాపసవుతుంది. ఇలాంటివాటికి ప్రతి పనికీ ఒక గుర్తు సంఖ్య ఇచ్చి, ఆ సంఖ్యతో ఇప్పటికే పని జరిగిందా అని చూశాకే ముందుకు వెళ్ళాలి. వీటిని లెక్కల టాస్కులతో కలిపి ఒకే టాస్కుగా రాయకూడదు. లెక్క తప్పిందని మళ్ళీ నడిపినవాళ్ళు తెలియకుండానే లక్షమందికి మళ్ళీ సందేశం పంపేస్తారు.

ఏ రోజు? ఎవరి రోజు?

తేదీ సంగతి ఇంకా ఉంది, మనవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. ఎయిర్‌ఫ్లో సహజంగా యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) మీద నడుస్తుంది. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందు. యూటీసీలో జూన్ 12 మొదలయ్యేసరికి ఇక్కడ పొద్దున్న 5:30. అంటే యూటీసీ తేదీతో అరలు పెడితే, మనకు జూన్ 12 తెల్లవారుజామున 5 గంటలకు వచ్చిన పాల ఆర్డర్ జూన్ 11 లెక్కలోకి పోతుంది. కిరాణా వ్యాపారంలో ఆ వేళ ఆర్డర్లు తక్కువేమీ కావు. అకౌంట్స్ విభాగం తేదీ ప్రకారం కూడిన మొత్తానికీ డేటా బృందం మొత్తానికీ రోజూ కొంచెం తేడా వస్తుంది. నెల మొత్తానికి ఆ తేడా దాదాపు సర్దుకుంటుంది కాబట్టి కారణం దొరకడానికి చాలాకాలం పడుతుంది. పరిష్కారం సులువు: సమయాన్ని యూటీసీలోనే దాచాలి, వ్యాపార తేదీని మాత్రం భారత సమయం ప్రకారం లెక్కగట్టి విడిగా రాయాలి.

అమెరికా సంస్థలకు పనిచేసే బృందాలకు ఇంకో చిక్కు. అక్కడ మార్చి రెండో ఆదివారం రాత్రి 2 గంటలకు గడియారం 3కి దూకుతుంది. ఆ రాత్రి 2:30 అన్న వేళే ఉండదు. నవంబరు మొదటి ఆదివారం 1 నుంచి 2 దాకా గంట రెండుసార్లు వస్తుంది. ఆ వేళలకు పెట్టిన పనులు ఏమవుతాయన్నది ఒక్కో షెడ్యూలర్‌లో ఒక్కో రకం. కొన్ని దాటేస్తాయి, కొన్ని సర్దుకుంటాయి. ఈ రెండు రాత్రుల మీద నమ్మకం పెట్టుకోకుండా కీలకమైన పనులను ఆ గంటల బయట పెట్టడం మేలు.

ఎయిర్‌ఫ్లోకే చెందిన ఒక తికమక కూడా చెప్పాలి. జూన్ 11 డేటా పూర్తి కావాలంటే జూన్ 11 ముగియాలి కదా. అందుకే రోజువారీ డ్యాగ్‌లో జూన్ 11 రన్ (డ్యాగ్ ఒక్కసారి నడవడం) నిజానికి జూన్ 12 మొదట్లో నడుస్తుంది, పేరు మాత్రం జూన్ 11దే. కొత్తవాళ్ళు దీన్ని చూసి ఒకరోజు ఆలస్యమైందనుకునేవాళ్ళు. 2021లో వచ్చిన 2.2 వెర్షన్ ఆ తేదీని పిలిచే పేరును సవరించి, డేటా ఏ వేళ నుంచి ఏ వేళ దాకా అన్నది స్పష్టంగా అందించింది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 3.0లో క్రాన్ రూపంలో రాసిన షెడ్యూళ్ళకు డీఫాల్ట్ (మనం ఏదీ చెప్పకపోతే వర్తించే ఏర్పాటు) మారింది. రన్ తేదీ ఇప్పుడు నడిచిన వేళనే చూపుతుంది. పాత కోడ్ ఆ తేదీని బట్టి ఏ రోజు డేటా తేవాలో నిర్ణయిస్తుంటే, అప్‌గ్రేడ్ తర్వాత ఒక రోజు పక్కకు జరుగుతుంది. ఎక్కడా ఎరుపు కనిపించదు. అప్‌గ్రేడ్ చేసే బృందాలు ముందుగా వెతకాల్సినవాటిలో ఇదొకటి.

వెనక్కి వెళ్ళి నింపడం

సూత్రం మారిందనుకుందాం. జీఎస్టీ లెక్కలో తప్పు దొరికింది, ఏప్రిల్ 1 నుంచి ప్రతి రోజునూ సరిచేయాలి. దీన్ని బ్యాక్‌ఫిల్ (గడిచిన రోజుల పనిని ఇప్పుడు నడపడం) అంటారు. పైన చెప్పిన మూడు మెట్లూ ఎక్కిన పైప్‌లైన్‌కు ఇది ఒక ఆదేశంతో అయ్యే పని. ఎక్కనిదానికి వారాల తరబడి చేత్తో చేసే పని.

అన్నీ సరిగ్గా ఉన్నా ప్రమాదం ఒకటుంది. వంద రోజుల పని ఒకేసారి మొదలైతే ఆ వంద రన్‌లూ ఒకే డేటాబేస్ మీద పడతాయి. అది పగలు ఖాతాదారుల ఆర్డర్లు తీసుకునే డేటాబేస్ అయితే యాప్ మందగిస్తుంది. పాత ఎయిర్‌ఫ్లోలో ఇది తెలియకుండానే జరిగేది. డ్యాగ్ మొదలయ్యే తేదీ జనవరి అని రాసి జూన్‌లో ఆన్ చేస్తే, మధ్యలోని రోజులన్నిటికీ అది వరసగా రన్‌లు పుట్టించేది. 3.0 నుంచి అడిగితేనే పుట్టిస్తుంది. ఏ వెర్షన్ అయినా, ఒకేసారి ఎన్ని నడవాలో హద్దు పెట్టాలి. ఎయిర్‌ఫ్లోలో ఇందుకు పూల్స్ (ఒక వనరును ఒకేసారి వాడగల టాస్కుల సంఖ్యకు పరిమితి) ఉన్నాయి. ఆర్డర్ల డేటాబేస్‌కు నాలుగే స్థానాలున్న పూల్ పెడితే, వంద రన్‌లు మొదలైనా నాలుగే దాన్ని తాకుతాయి.

టాస్క్ ఫెయిలైతే తానే మళ్ళీ ప్రయత్నించే ఏర్పాటును రీట్రై అంటారు. దీన్ని అన్నిటికీ ఒకేలా పెట్టేయడం అలవాటుగా మారింది. నెట్‌వర్క్ తెగడం లాంటి తాత్కాలిక లోపాలకు రీట్రై పనికొస్తుంది. పాస్‌వర్డ్ గడువు తీరినా, కాలమ్ పేరు మారినా ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒకటే. అక్కడ రీట్రైలు చేసేదల్లా అలర్ట్‌ను గంటసేపు ఆలస్యం చేయడమే. అవతలి సర్వరు బరువు తట్టుకోలేక ఆగినప్పుడు ఐదేసి నిమిషాలకు తలుపు తడుతూ ఉంటే అది కోలుకోదు, ప్రతిసారీ ఎడం పెంచుకుంటూ పోవాలి.

ఎదురుచూపు కూడా ఖర్చే. చెల్లింపుల ఫైలు వచ్చేదాకా కాచుకునే టాస్కును సెన్సర్ అంటారు. మామూలు పద్ధతిలో అది ఒక వర్కర్ స్థానాన్ని ఆక్రమించుకుని కూర్చుంటుంది. ఎయిర్‌ఫ్లోలో మనం ఏమీ చెప్పకపోతే ఆ ఎదురుచూపు గడువు ఏడు రోజులు. ఇలాంటి సెన్సర్లు పాతిక ఉండి, వర్కర్ స్థానాలూ పాతికే ఉంటే, ఫైలు తెచ్చి పెట్టే టాస్కుకే చోటు దొరకదు. అందరూ ఎదురుచూస్తుంటారు, ఎదురుచూసేదాన్ని తెచ్చేవాళ్ళు ఉండరు. స్థానం వదిలిపెట్టి ఎదురుచూసే పద్ధతులు 2.2 నుంచి మెరుగయ్యాయి. గడువును మాత్రం బృందమే ఆలోచించి రాయాలి. పొద్దున్న 6కి రిపోర్టు కావాలంటే 3 గంటలకే ఫైలు రాలేదని తెలియాలి.

పచ్చగా ఉన్నా తప్పే

ఆర్కెస్ట్రేటర్‌కు తెలిసింది టాస్క్ ముగిసిందా లేదా అన్నదే. చెల్లింపుల సంస్థ ఒక రాత్రి ఖాళీ ఫైలు పంపిందనుకుందాం. ఫైలు ఉంది, తెరుచుకుంది, సున్నా వరసలు చదివింది, టాస్క్ గెలిచింది. డబ్బు అందిన ఆర్డర్లు సున్నా అని తేలింది. అన్నీ పచ్చగానే ఉన్నాయి.

అందుకే డేటాను చూసే టాస్కులను మధ్యలో పెట్టాలి. వరసల సంఖ్య గత వారం ఇదే రోజు సంఖ్యకు ఎంత దూరంలో ఉంది? ఖాళీగా ఉండకూడని కాలమ్‌లో ఖాళీలున్నాయా? ఒకే ఆర్డర్ సంఖ్య రెండుసార్లు వచ్చిందా? చెల్లింపుల మొత్తం ఆర్డర్ల మొత్తాన్ని దాటిందా? ఈ పరీక్ష ఓడితే పైప్‌లైన్ అక్కడే ఆగాలి. ఆగితే మేనేజర్ నిన్నటి రిపోర్టు చూస్తాడు, అది పాతదని అతనికి తెలుస్తుంది. ఆగకపోతే తప్పు అంకెను నిజమనుకుని లారీలు పంపిస్తాడు. ఆలస్యమా, తప్పా అని ఎంచుకోవాల్సి వస్తే దాదాపు ప్రతిసారీ ఆలస్యమే మేలు. ఈ మాట వ్యాపార విభాగంతో ముందే మాట్లాడి ఒప్పించుకోవాలి, తెల్లవారుజామున ఫోన్‌లో తేల్చుకునేది కాదు.

డేటానే చూడాలన్న ఈ దృష్టికి దగ్గరి కొత్త ఆలోచన, టాస్కులను కాకుండా పట్టికలను కేంద్రంగా పెట్టడం. డాగ్‌స్టర్ అనే టూల్ దీన్ని ముందుకు తెచ్చింది. "ఈ ప్రోగ్రాము నడపు" అనడానికి బదులు "ఈ పట్టిక ఈ మూడు పట్టికల నుంచి తయారవుతుంది, రోజుకోసారి తాజాగా ఉండాలి" అని రాస్తారు. ఎయిర్‌ఫ్లో కూడా 2022లో 2.4 నుంచి ఆ దారి పట్టింది. ఒక బృందం పట్టిక తాజా అయితే మరో బృందం డ్యాగ్ దానంతటదే మొదలవుతుంది. బృందాల మధ్య "మీది 3కి ముగుస్తుంది కాబట్టి మాది 3:30కి పెట్టాం" అన్న నోటిమాట ఒప్పందాలు దీనితో తగ్గుతాయి. పెద్ద సంస్థల్లో క్రాన్ నాటి పాత తప్పు ఇప్పటికీ ఎక్కువగా మిగిలి ఉన్నది ఆ బృందాల సరిహద్దుల్లోనే.

రాత్రి మేల్కొనేవాళ్ళు

న్యూయార్క్‌లో రాత్రి 2 గంటల బ్యాచ్ వేసవిలో హైదరాబాద్‌లో పగలు 11:30కి, శీతకాలంలో 12:30కి నడుస్తుంది. వాళ్ళ అర్ధరాత్రి మన ఆఫీసు వేళ. అమెరికా సంస్థల పైప్‌లైన్లను ఇక్కడి బృందాలు చూసుకోవడానికి ఇదొక సహజమైన అనుకూలత. చిక్కల్లా, పైప్‌లైన్ రాసినవాళ్ళు అప్పుడు అక్కడ నిద్రలో ఉంటారు. ఇక్కడి ఇంజినీరుకు కనిపించేది ఒక టాస్క్ పేరు, ఒక ఎర్ర గుర్తు, వంద వరసల లాగ్. ఆ టాస్కును మళ్ళీ నడపవచ్చా? నడిపితే ఎస్‌ఎంఎస్‌లు మళ్ళీ వెళతాయా? వదిలేస్తే ఎవరికి నష్టం? ఎవరిని అడగాలి?

ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు ప్రతి డ్యాగ్ పక్కనే రాసి ఉండాలి. నాలుగు వాక్యాలు చాలు. అవి లేనిచోట మనుషులు భయంతో నిర్ణయాలు తీసుకుంటారు. ముట్టుకోకుండా ఆరు గంటలు ఎదురుచూస్తారు, లేదా అన్నిటినీ మొదటి నుంచి నడిపేస్తారు. రెంటికీ వాళ్ళను తప్పుపట్టడానికి లేదు. మన దేశంలోని సంస్థల సొంత బ్యాచ్‌లు నిజంగానే మన రాత్రి నడుస్తాయి కాబట్టి అక్కడ ఆన్‌కాల్ (వంతులవారీగా అలర్ట్‌లకు స్పందించే విధి) ఇంకా భారం.

అలర్ట్‌లకూ ఒక నియమం పెట్టుకోవాలి. మనిషి లేచి ఏదైనా చేయగలిగితేనే అతన్ని లేపాలి. రీట్రైతో సర్దుకునేదానికి లేపకూడదు. పొద్దున్న చూసినా సరిపోయేది పొద్దున్నకు వెళ్ళాలి. రోజుకు యాభై సందేశాలు వచ్చే చానెల్‌ను ఎవరూ చదవరు, అందులో నిజమైనది ఒకటి ఉన్నా.

బృందం మెరుగవుతోందా అన్నది తెలుసుకోవడానికి ఎంతశాతం టాస్కులు గెలిచాయన్న లెక్క పెద్దగా ఉపయోగపడదు. డేటా చెప్పిన వేళకు ఎన్ని రోజులు సిద్ధమైంది, మనిషి ఎన్నిసార్లు చేయి పెట్టాల్సి వచ్చింది, ఆగినప్పటి నుంచి సరిగ్గా కోలుకోవడానికి ఎంతసేపు పట్టింది అన్న మూడూ రాసుకుంటే చాలు. రెండోది క్రమంగా తగ్గకపోతే ఆ బృందంలోని మంచి ఇంజినీర్లు కొత్త పని చేయలేక అలసిపోతారు.

టూల్ మార్చాలన్న ఒత్తిడి తరచూ ఈ అలసట నుంచే వస్తుంది. ఎయిర్‌ఫ్లో నుంచి డాగ్‌స్టర్‌కో, ప్రిఫెక్ట్, ఆర్గో లాంటి ఇతర టూళ్ళకో వెళ్ళడానికి మంచి కారణాలు ఉండవచ్చు. కాని తేదీని గడియారం నుంచి తీసుకునే టాస్క్ కొత్త టూల్‌లోనూ గడియారం నుంచే తీసుకుంటుంది. వలస పోయేముందే టాస్కులను బాగుచేస్తే, వలస సగం తేలికవుతుంది. వలసలోనూ, అప్‌గ్రేడ్‌లోనూ పాతదాన్నీ కొత్తదాన్నీ కొన్ని రోజులు పక్కపక్కనే నడిపి ఫలితాలు పోల్చాలి. వెనక్కి వచ్చే దారిని కూడా ఒకసారి నిజంగా నడిచి చూడాలి. 2012లో రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్‌లో జరగనిది ఈ చివరి పనే.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగే బృందాలకు ఒక పని సూచిస్తాను. వ్యాపారానికి అన్నిటికంటే ముఖ్యమైన పైప్‌లైన్ ఒకటి తీసుకోండి. పోయిన వారంలోని ఒక రోజును ఎంచుకుని, ప్రొడక్షన్‌ను (నిజంగా వాడకంలో ఉన్న వ్యవస్థను) ముట్టుకోకుండా, పరీక్షల కోసం ఉన్న విడి వేర్‌హౌస్‌లో ఆ రోజు పనిని రెండుసార్లు నడపండి. ఎస్‌ఎంఎస్, వాపసు లాంటి టాస్కులను ముందే ఆపి ఉంచండి. రెండుసార్ల ఫలితాలనూ, ప్రొడక్షన్‌లో అప్పటికే ఉన్నదాన్నీ వరస వరసగా పోల్చండి. తేడా వస్తే, తేడా మొదలైన మొదటి టాస్క్ దగ్గరికి వెళ్ళండి. అక్కడ సాధారణంగా మూడింటిలో ఒకటి కనిపిస్తుంది: "ఇప్పుడు" అని గడియారం చూసే కోడ్ వరస, అరను తుడవకుండా చేర్చే వరస, దాచిన ప్రతిని కాకుండా మారిపోయే మూలాన్నే చదివే వరస. దాన్ని సరిచేసి మళ్ళీ నడపండి, తర్వాతి టాస్క్‌కు వెళ్ళండి.